సొమాలియాలో సుంకం ఎవరికి కట్టాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సొమాలియా తూర్పు ఆఫ్రికా సమాజం (ఈఏసీ) అనే ప్రాంతీయ కూటమిలో చేరడం గురించి గత సంచికలో రాశాం. 1991లో కేంద్ర ప్రభుత్వం కూలిపోయి, 2012లో మళ్లీ నిలబడి, ఇప్పటికీ అల్ షబాబ్ అనే సాయుధ తీవ్రవాద సంస్థతో పోరాడుతున్న దేశమది. ఆ దేశం జాతీయ వాణిజ్య విధానాన్ని ఎలా రాసుకోవాలని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ప్రభుత్వం మాట రాజధాని దాటి చెల్లని దేశానికి వాణిజ్య విధానమంటూ ఒకటి రాయడంలో అర్థం ఉందా? రాయాల్సి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? (ఎకనామిక్స్ లెక్చరర్, హనుమకొండ)

అర్థం ఉంది. ఎందుకంటే అక్కడ విధానం లేకపోవడమనేది లేదు. కాగితం మీద లేనిది రేవులోనూ, రోడ్డు మీదా అమలవుతూనే ఉంది. రాజధాని మొగదిషు రేవులో ఒక రేటు, బొసాసోలో మరో రేటు, కిస్మాయోలో ఇంకో రేటు. రేవు దాటాక రోడ్డు పొడవునా చెక్‌పోస్టులు. వీటిని అక్కడ ఇస్బారో అంటారు. కొన్ని ప్రభుత్వానివి, కొన్ని స్థానిక తెగల సాయుధులవి, కొన్ని అల్ షబాబ్‌వి. ఇవన్నీ కలిపి ఒక బస్తా మీద ఎంత పడుతుందో, ఆ మొత్తమే ఆ దేశపు నిజమైన సుంకం.

కాబట్టి టారిఫ్ పట్టిక ముందు పెట్టుకుని కూర్చోవద్దు. మొదట ఒక దారి ఎంచుకోండి. మొగదిషు నుంచి బైదోవాకు సుమారు 250 కిలోమీటర్లు ఉంటుంది, దాన్నే తీసుకుందాం. మూడు సరుకులు చాలు: బియ్యం, సిమెంటు, వంటనూనె. ఓడ దిగినప్పటి నుంచి బైదోవా దుకాణం వరకు ప్రతి చెల్లింపునూ రాయాలి. ఎక్కడ, ఎవరికి, ఎంత, ఏ పేరుతో, రసీదు ఇచ్చారా లేదా, బండి ఎన్ని గంటలు ఆగింది అనే ఆరు గడుల పట్టీ సరిపోతుంది. అడగాల్సింది అధికారులను కాదు, లారీ డ్రైవర్లను, క్లియరింగ్ ఏజెంట్లను. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేయాలి. వానలకు దారి మారితే చెక్‌పోస్టులూ మారతాయి.

ఈ పనిలో ప్రాణాపాయం ఉందని మరిచిపోకూడదు. అల్ షబాబ్ మీద 2010 నుంచి ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్నాయి. వాళ్లకు డబ్బు కట్టానని రాతపూర్వకంగా ఒప్పుకున్న డ్రైవరును ప్రభుత్వం పట్టుకోవచ్చు, లెక్క చెప్పాడని తెలిస్తే అవతలివాళ్లు చంపనూవచ్చు. అందుకే పేరు, బండి నంబరు, తేదీ అసలు రాయకూడదు. పది పన్నెండు ప్రయాణాల లెక్కలను కలిపేసి సగటు మాత్రమే ఉంచి, విడి కాగితాలు చింపేయాలి. దాతల సంస్థలు ‘ముడి సమాచారం’ ఇమ్మంటాయి. ఇవ్వకూడదు.

ఇలా తయారైన పట్టీ ఒక చేదు నిజాన్ని చూపిస్తుంది. అల్ షబాబ్ చెక్‌పోస్టులో ఒకసారి కడితే రసీదు ఇస్తారు, ఆ దారిలో వాళ్ల తర్వాతి పోస్టుల్లో అది చెల్లుతుంది. ప్రభుత్వం వైపు సాయుధుల దగ్గర చాలాచోట్ల అదీ ఉండదు, ఎక్కడికక్కడ మళ్లీ చేయి తడపాల్సిందే. పట్టీలో ఈ తేడా కనబడినప్పుడు విధానంలో రాయాల్సిన మొదటి వాక్యం తనంతట తనే తేలుతుంది: ప్రభుత్వ పరిధిలో ఒక దారికి ఒకే చెల్లింపు, ఒకే రసీదు.

ప్రశ్న: ఒకే దేశంలో రేవుకో సుంకం ఉంటే వ్యాపారి చౌక రేవుకు పోతాడు కదా. అన్నిచోట్లా ఒకే రేటు పెడుతూ చట్టం చేస్తే సరిపోదా? (సివిల్స్ అభ్యర్థి, రాజమహేంద్రవరం)

చట్టం చేసే అధికారం ఎవరిదన్నదే అక్కడ తేలలేదు. 2012 తాత్కాలిక రాజ్యాంగం 54వ అధికరణ కేంద్రానికి స్పష్టంగా ఇచ్చినవి నాలుగే: విదేశీ వ్యవహారాలు, రక్షణ, పౌరసత్వం-వలసలు, ద్రవ్య విధానం. మిగతావన్నీ కేంద్రం, రాష్ట్రాలు మాట్లాడుకుని తేల్చుకోవాలి. వాణిజ్యం, కస్టమ్స్ ఆ మిగతావాటిలో పడ్డాయి. బొసాసో రేవు పుంట్‌లాండ్ రాష్ట్రం చేతిలో, కిస్మాయో జుబాలాండ్ రాష్ట్రం చేతిలో ఉన్నాయి. సౌత్ వెస్ట్, హిర్షబెల్లె, గల్ముదుగ్ రాష్ట్రాలకు చెప్పుకోదగ్గ పెద్ద రేవు లేదు. రేవు ఉన్నవాడికి ఖజానా ఉంది, లేనివాడికి చెక్‌పోస్టే ఖజానా. రేవు లేని రాష్ట్రానికి వాటా ఇవ్వకుండా ‘చెక్‌పోస్టులు ఎత్తేయండి’ అని రాస్తే ఆ కాగితాన్ని ఎవరూ లెక్కచేయరు.

రేటు సంగతికొస్తే, అక్కడ చాలాకాలం సుంకాన్ని విలువ మీద కాకుండా కంటైనరుకింత, బస్తాకింత అని వేశారు. లెక్క సులువే గానీ అన్యాయం. 20 అడుగుల కంటైనరుకు 1,500 డాలర్లు అనుకుందాం. అందులో 25 టన్నుల బియ్యం, టన్ను 450 డాలర్ల చొప్పున 11,250 డాలర్ల సరుకు. అంటే పేదవాడి బియ్యం మీద 13 శాతానికి పైగా పడింది. అదే కంటైనరులో 5 లక్షల డాలర్ల ఫోన్లుంటే పడేది 0.3 శాతం. విలువ ఆధారిత సుంకానికి మారాలనడం నూటికి నూరుపాళ్లు సరైనదే.

కానీ మారేటప్పుడు మూడు చోట్ల పని చెడుతుంది. ఒకటి, ఫోన్ల మీద ఒక్కసారిగా 10 శాతం వేస్తే 1,500 కాస్తా 50,000 డాలర్లవుతుంది. మర్నాటి నుంచి ఆ సరుకు వేరే రేవులో దిగి దేశం మధ్యలోని గాల్కయో పట్టణం మీదుగా రోడ్డెక్కుతుంది. కాబట్టి అన్ని రేవులూ ఒకేరోజు మారాలి, రేటు మూడు నాలుగేళ్లలో మెట్లుమెట్లుగా ఎక్కాలి. రెండు, ఇన్వాయిస్. సరుకులో చాలా భాగం దుబాయ్ దళారుల మీదుగా వస్తుంది, చూపించే కాగితంలో ధర సగమే ఉంటుంది. అందుకని కస్టమ్స్‌వాళ్లు తమ సొంత ధరల పట్టికతో లెక్కకడతారు. ఆ పట్టిక అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికే ఉండాలి, అందరికీ కనిపించాలి, మూడు నెలలకోసారి మారాలి. రహస్యంగా ఉంచిన పట్టిక మామూళ్ల పట్టికవుతుంది. మూడు, వివాదం వస్తే డిపాజిట్ కట్టించుకుని సరుకు వదిలేయాలన్న నియమం. మంచిదే. కానీ ఆ డిపాజిట్ ఖజానాలో కలిస్తే తిరిగి రాదు. విడి ఖాతాలో ఉంచి, 30 రోజుల్లో తీర్పు రాకపోతే దానంతటదే వ్యాపారికి వాపసు వెళ్లేలా రాయాలి.

వాటాల విషయంలో మా సలహా ఒకటి ఉంది. ఉన్న ఆదాయం జోలికి వెళ్లొద్దు. ఏ రేవు ఈ రోజు ఎంత వసూలు చేస్తోందో అంత ఆ రేవుకే వదిలేయండి. కొత్త పద్ధతి వల్ల అదనంగా వచ్చిన దాన్నే పంచండి. ఆ అదనంలో ఒక భాగం రేవున్న రాష్ట్రానికి, ఒక భాగం సరుకు చేరిన రాష్ట్రానికి, మిగిలింది కేంద్రానికి. చేతిలో ఉన్న డబ్బు పోతుందన్న భయం లేనప్పుడే రాష్ట్రాలు సంతకానికి వస్తాయి. సరుకు ఎక్కడికి చేరిందో తెలియాలంటే రేవు నుంచి ఒక రవాణా చీటీ బండితో వెళ్లి, గమ్యంలో ముద్ర పడి తిరిగి రావాలి. ముద్ర వేసిన చీటీకే వాటా అంటే, సరుకు సాఫీగా తమ ఊరు చేరాలన్న ఆత్రం ఆ రాష్ట్రానికే పుడుతుంది.

ప్రశ్న: మేము ఆఫ్రికాకు బియ్యం పంపుతాం. సొమాలియా ఈఏసీలో చేరింది కాబట్టి అక్కడ బియ్యం సుంకం 75 శాతం అవుతుందంటున్నారు. నిజమేనా? (ఎగుమతిదారు, కాకినాడ)

సొమాలియా 2024 మార్చి 4న ఈఏసీలో పూర్తి సభ్యదేశమైంది. ఆ కూటమి ఉమ్మడి సుంకాలు 0, 10, 25, 35 శాతం మెట్లలో ఉంటాయి. కొన్ని ‘సున్నితమైన’ సరుకులు ఈ మెట్లకు బయట ఉన్నాయి. బియ్యం మీద 75 శాతం లేదా టన్నుకు 345 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. పంచదార మీద 100 శాతం లేదా టన్నుకు 460 డాలర్లు. టన్ను 450 డాలర్ల బియ్యానికి 75 శాతమంటే 337.50, కాబట్టి 345 పడుతుంది. 25 కిలోల బస్తా మీద 8 డాలర్ల 60 సెంట్లకు పైనే. తినే బియ్యంలో అత్యధిక భాగం దిగుమతి చేసుకునే దేశంలో ఇది అమలు చేస్తే ఊళ్లు ఆకలికి అల్లాడతాయి.

అయితే సభ్యత్వం వచ్చిన రోజే ఈ రేటు అంటుకోదు. ఫలానా సరుకు మీద ఉమ్మడి రేటును కొంతకాలం ఆపమని సభ్యదేశం అడగొచ్చు. కెన్యాయే బియ్యం మీద ఇలా అడిగి 35 శాతం లేదా టన్నుకు 200 డాలర్లతో నడిపించుకుంటోంది. సొమాలియా కూడా బియ్యం, పంచదార, గోధుమపిండి లాంటి కొద్ది సరుకుల మీద సడలింపు అడగాలి. వందల సరుకుల జాబితా పట్టుకెళితే కూటమిలో చేరిన ప్రయోజనమే పోతుంది. పైగా కెన్యా ఒక ప్రశ్న వేస్తుంది: తక్కువ సుంకంతో కిస్మాయోలో దిగిన పంచదార మా గారిస్సా పట్టణం దారిన మా దేశంలోకి వస్తే? ఇది ఉత్తుత్తి భయం కాదు, ఏళ్లుగా జరుగుతున్న స్మగ్లింగే. దీనికి జవాబు లేకుండా చర్చలకు కూర్చోకూడదు.

మీరు చేయాల్సింది: ఒప్పందంలో ‘దిగుమతి సుంకం మారితే భారం కొనుగోలుదారుడిదే’ అనే వాక్యం విడిగా రాయించుకోండి, ఓడ బయలుదేరిన తేదీ నాటి రేటా, దిగిన తేదీదా అన్నది అందులోనే తేల్చుకోండి. మన ప్రభుత్వం 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపి, 2024 సెప్టెంబరు 28న గానీ తెరవలేదు. ఒకే దేశం బియ్యం మీద ఆధారపడితే ఏమవుతుందో అవతలివాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది. ఆహార దిగుమతికి కనీసం మూడు దేశాలుండాలని విధానంలో రాసుకుంటే వాళ్ల తప్పేం లేదు.

ప్రశ్న: డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ)లో చేరితే ఇలాంటి దేశానికి లాభమా, నష్టమా? (గ్రూప్-1 అభ్యర్థి, హైదరాబాద్)

సొమాలియా 2015 డిసెంబరులో దరఖాస్తు చేసింది. 2016 డిసెంబరులో దానికీ, తూర్పు తిమోర్‌కూ ఒకేసారి వర్కింగ్ పార్టీలు (చేరిక చర్చలు నడిపే బృందాలు) ఏర్పడ్డాయి. తూర్పు తిమోర్ 2024 ఆగస్టు 30న సభ్యదేశమైంది, సొమాలియా ఇంకా దారిలోనే ఉంది. చేరగానే సుంకాలన్నీ ఎత్తేయాలన్నది అపోహ. అత్యల్పాభివృద్ధి దేశాలకు 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వ్యవసాయ సరుకుల మీద సగటున 50 శాతం వరకు గరిష్ఠ పరిమితి పెట్టుకోవచ్చు. మిగతా సరుకుల్లో 95 శాతం మీద సగటు 35.

చిక్కంతా క్రమంలో ఉంది. పరిమితి అన్నది పైకప్పు. డబ్ల్యూటీవోలో పంచదారకు 50 శాతం అని మాటిచ్చేసి, రేపు ఈఏసీలో 100 వసూలు చేయాల్సి వస్తే ఏదో ఒక మాట తప్పాలి. 50 అన్నది సగటు కాబట్టి పంచదార, బియ్యం ఎత్తులో ఉంచి వేరే సరుకుల్లో తగ్గించుకునే వెసులుబాటు ఉంది. ఈ రెండు పట్టికలనూ ఒకే బల్ల మీద, ఒకే బృందం, ఆరు అంకెల హెచ్‌ఎస్ కోడ్ (సరుకులను గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) స్థాయిలో వరుస వరుసా పోల్చి చూడాలి. చాలా దేశాల్లో ఒక శాఖ జెనీవాలోని డబ్ల్యూటీవో పని, ఇంకో శాఖ ప్రాంతీయ కూటమి పని చూస్తూ ఒకరి కాగితం మరొకరు చూడకపోవడమే గండం.

సభ్యత్వం రక్షణ కవచమని మాత్రం అనుకోకండి. అఫ్గానిస్తాన్ 2004లో దరఖాస్తు పెట్టి 2016 జులై 29న చేరింది. 2021లో ప్రభుత్వం కూలింది.

ప్రశ్న: సొమాలియా గొర్రెలు, మేకలు లక్షల్లో అరబ్ దేశాలకు పోతాయని విన్నాం. మధ్యలో ఏళ్ల తరబడి ఎందుకు ఆగాయి? (జీవాల పెంపకందారు, అనంతపురం జిల్లా)

ఆ దేశానికి అసలైన ఎగుమతి ఇదే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కన 2015లో 53 లక్షల పశువులు, జీవాలు గల్ఫ్ దేశాలకు వెళ్లాయి. వీటిలో అత్యధికం గొర్రెలు, మేకలే. బెర్బెరా, బొసాసో రేవుల్లో హజ్‌కు ముందు నెలల్లో కాలు పెట్టే సందుండదు.

ఆపింది రిఫ్ట్ వ్యాలీ జ్వరం. భారీ వానలకు నీళ్లు నిలిచి దోమలు పెరిగితే జీవాలకు సోకుతుంది. చూలువి ఈచుకుపోతాయి, పిల్లలు చస్తాయి, మనుషులకూ అంటుతుంది. 1997-98 ఎల్‌నినో వానల తర్వాత వ్యాధి రాగానే సౌదీ దిగుమతి ఆపి, 1999లో వదిలింది. 2000 సెప్టెంబరులో సౌదీ, యెమెన్‌లలోనే వ్యాధి బయటపడింది. ఆఫ్రికా బయట రూఢిగా కనబడటం అదే మొదలు. మళ్లీ నిషేధం. అది 2009 నవంబరు వరకు నడిచింది. 2016 డిసెంబరులో ఇంకోసారి. ప్రతిసారీ ముందు దెబ్బ తిన్నది ఎగుమతిదారు కాదు, పదీ ఇరవై మేకలమ్మి ఇంటికి బియ్యం, పంచదార తెచ్చుకునే కాపరి.

కాబట్టి సొమాలియా వాణిజ్య విధానంలో సుంకాల అధ్యాయం కంటే క్వారంటైన్ అధ్యాయానికే ఎక్కువ పేజీలు కేటాయించాలి. ‘వ్యాధి లేని ప్రాంతం’ అని గీత గీసి దాని బయట ఎగుమతి ఆపడం అంతర్జాతీయ నియమాల్లో ఉన్న దారే. కానీ మందలు నీళ్ల కోసం వందల కిలోమీటర్లు, సరిహద్దులు దాటి ఇథియోపియా వరకు తిరిగే చోట ఆ గీత నిలవదు. పనిచేసేది రేవు దగ్గరి కొట్టమే. మంద రాగానే చెవికి ట్యాగు, ఏ సంతలో కొన్నారో నమోదు, రక్త పరీక్ష, టీకా, దోమ చొరబడని చోట కొనుగోలు దేశం అడిగినన్ని రోజులు ఉంచడం, అప్పుడు ధ్రువపత్రం.

చెడేది ఎక్కడంటే పరీక్షలో తప్పిన జీవాల దగ్గర. వాటిని వెనక్కి పంపితే మళ్లీ స్థానిక సంతలో చేరి ఇంకో మందలో కలిసి తిరిగొస్తాయి. తప్పినవాటికి విడి దొడ్డి, అక్కడి నుంచి ఎటు పోవాలో నియమం, కాపరికి కొంత పరిహారం ఉండాలి. పరిహారం లేకపోతే జబ్బు జీవాన్ని ఎవరూ చూపించరు. ఇంకో సమస్య యాజమాన్యం. కొట్టం కొనుగోలుదారుడి చేతిలో ఉంటే ధర కూడా అతని చేతిలోనే ఉంటుంది. కొట్టం ఎవరిదైనా సరే, రక్త నమూనా తీసేదీ సంతకం పెట్టేదీ ప్రభుత్వ పశువైద్యుడే కావాలి. అతని జీతం ఎగుమతిదారు ఇవ్వకూడదు.

ఇంకో మాట. హజ్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో జూన్ మొదట్లో వచ్చింది, 2026లో మే చివరికి వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడ ‘గు’ వానలు. అంటే ఇప్పుడు కొట్టాలు కిక్కిరిసే రోజులూ దోమల రోజులూ ఒకటే. హజ్ ఈ వానల రోజుల్లో పడే ఏళ్లన్నిటా టీకాలను వానలకు ముందే, ఫిబ్రవరి కల్లా పూర్తిచేయాలి.

ప్రశ్న: బొగ్గు ఎగుమతిపై భద్రతా మండలి నిషేధం విధించింది కదా. అది పనిచేసిందా? (స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి, నైరోబీ)

2012 ఫిబ్రవరిలో 2036వ తీర్మానం సొమాలియా కట్టెబొగ్గును నిషేధించింది. తుమ్మజాతి చెట్లు కాల్చి అమ్మిన డబ్బు అల్ షబాబ్‌కు చేరడమే కారణం. తర్వాతి ఏళ్లలోనూ బొగ్గు వేరే దేశాల పేరుతో తయారుచేసిన ధ్రువపత్రాలతో గల్ఫ్ రేవులకు చేరింది. ఎగుమతి నిషేధం అమలయ్యేది దిగుమతి రేవులోనే. అక్కడి కస్టమ్స్‌తో ధ్రువపత్రాల నంబర్లు సరిచూసుకునే ఏర్పాటు లేకుండా ఏ సరుకునూ నిషేధిత జాబితాలో పెట్టకపోవడమే మేలు.

ప్రశ్న: బెర్బెరా రేవు సంగతి విధానంలో ఎలా రాయాలి? (షిప్పింగ్ ఉద్యోగి, విశాఖపట్నం)

సొమాలీలాండ్ 1991 మే 18న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. బెర్బెరాలో కస్టమ్స్ వసూలు చేసేది హర్గేసా రాజధానిగా ఉన్న సొమాలీలాండ్ ప్రభుత్వమే, రేవు నడిపేది 2016 ఒప్పందంతో వచ్చిన దుబాయ్ సంస్థ డీపీ వరల్డ్. ఆ రేవు ఆదాయాన్ని మొగదిషు తన బడ్జెట్ అంచనాల్లో కలిపి రాస్తే అంకెలు తప్పుతాయి, చర్చలూ చెడతాయి. రాజకీయ హోదా మాట ఎత్తకుండా రెండు సాంకేతిక విషయాలకు పరిమితం కావాలి: పశు ధ్రువపత్రాల నమూనా ఒకటే ఉండటం, వ్యాధి కనబడితే 24 గంటల్లో ఒకరికొకరు చెప్పుకోవడం. సౌదీ పశువైద్య అధికారి చేతికి మూడు ప్రభుత్వాల నుంచి మూడు రకాల ముద్రలు వస్తే, అతను మూడింటినీ నమ్మడు.

ప్రశ్న: మొగదిషు కొనుగోలుదారు ఎల్‌సీ (సొమ్ముకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ఇవ్వలేనంటున్నాడు. దుబాయ్ నుంచి డబ్బు పంపుతాడట. పంపాలా? (ఎగుమతిదారు, కాకినాడ)

అతను అబద్ధం చెబుతున్నాడని అనుకోనక్కర్లేదు. విదేశీ బ్యాంకులు సొమాలియా బ్యాంకులతో ఖాతాలు నడపడానికి వెనకాడతాయి. 2013లో బ్రిటన్‌లో బార్క్లేస్ దహబ్‌షీల్ లాంటి డబ్బు పంపే సంస్థల ఖాతాలే మూసేస్తామంది. అందుకని దిగుమతి డబ్బు దుబాయ్ మీదుగా తిరుగుతుంది. ఇన్వాయిస్ ఒకరి పేరున, డబ్బు ఇంకొకరి నుంచి వస్తుంటే మీతో కలిపి ముగ్గురి మధ్య సంబంధం తెలిపే ఒప్పందం సరుకు ఎక్కించకముందే మీ బ్యాంకుకు చూపించండి. బ్యాంకు సరే అన్నది రాతలో తీసుకోండి. డబ్బు ఎప్పుడూ బ్యాంకు మార్గంలోనే, కొంత ముందుగా, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కిందని ఇచ్చే పత్రం) నకలు చూపగానే రావాలి. ఒరిజినల్ పత్రాలు పూర్తి సొమ్ము ఖాతాలో పడ్డాకే వదలండి. కొనుగోలుదారు పేరు, డబ్బు పంపే సంస్థ పేరు, ఓడ పేరు మూడింటినీ ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాతో సరిచూసి, ఆ ప్రింటు ఫైల్లో పెట్టుకోండి.